రెండు పైపులూ వేడిగానే ఉన్నాయి

ఆ చలికాలం మా కారు హీటరు చల్లగాలి కొట్టింది. అసలు కొట్టకపోయినా సరిపెట్టుకునేవాళ్లం. వేడి పెంచే మర ఎర్ర గుర్తు దాకా తిప్పితే ఫ్యాను హోరుమని లేచేది. బయట చలి చాలలేదన్నట్టు, ఇంకొంచెం చలి ఎక్కణ్నించో పోగుచేసుకొచ్చి మా మోకాళ్ల మీద పోసేది. ముందు సీట్లో మా అత్తగారు రెండు శాలువాలు, ఒక వేడినీళ్ల సంచీ, మలుపు మలుపుకీ ఒక నిట్టూర్పుతో కూర్చునేవారు. వెనక సీట్లో లెక్కల టీచరైన మా ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు ఒడి నిండా పరుచుకునేది. దిద్దడానికి కాదు, కప్పుకోవడానికి. కారు నడిపేది నేను. తొడుగులు వేసుకుంటే స్టీరింగు జారేది, తీసేస్తే వేళ్లు కొయ్యబారేవి.

ఇంకో ఇంట్లో అయితే ఇది పెద్ద విషయం కాదు. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తారు, అయిపోతుంది. మా ఖర్మ ఏమిటంటే మెకానిక్కు మా మామగారే. ఇంటి ముందే ఆయన షెడ్డు, షెడ్డు నెత్తిన ఆయన పేరుతో బోర్డు. నలభై ఏళ్లుగా ఒక్కరే పని చేసుకుంటున్నారు. మీటర్లూ మిషన్లూ ఆయనకి గిట్టవు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, జబ్బు చెప్పేస్తారు. అందుకే చుట్టుపక్కలవాళ్లు ఆయన్ని నాడి డాక్టరంటారు.

నా సంగతీ చెప్పేస్తాను. ప్రెస్సులో అచ్చుతప్పులు చూడటం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎర్ర పెన్ను పట్టుకుని పరాయివాళ్ల తప్పులు ఏరుతుంటాను. ఇంటికొచ్చాక కూడా ఆ పెన్నుకి మూత పెట్టలేకపోవడం నా జబ్బు. ఒకసారి అత్తగారు రాసిచ్చిన సరుకుల చీటీ దిద్ది ఆవిడకే చూపించాను. ఆ వారమంతా నా టీలో పంచదార పడలేదు. మామగారి లెక్కలో అయితే నేను స్క్రూడ్రైవరు పట్టే చేతులు లేని మనిషిని. పెళ్లయిన ఆరేళ్లలో షెడ్డులో ఆయన నాకు అప్పగించిన పని ఒక్కటే: "కాస్త అటు జరగండి అల్లుడుగారూ, వెలుతురుకి అడ్డొస్తున్నారు."

హీటరు చెడిపోవడానికి నాలుగు రోజుల ముందు భోజనాల దగ్గర ఒక మాట దొర్లింది. అప్పటికే ఆ సీజన్లో రెండు బండ్లు బాగవకుండా షెడ్డుకి తిరిగొచ్చాయి.

"మీకు అరవై ఎనిమిది," అన్నారు అత్తగారు రొట్టె తుంచుతూ. "ఇక షెడ్డు మూసేయండి."

"చేతనైనన్నాళ్లు చేస్తాను."

"చేతనవుతోందా?"

మామగారు చెంచా కింద పెట్టేశారు. "మనింటి కారు నేను బాగుచెయ్యలేని రోజున ఆ బోర్డు నేనే దింపేస్తాను. సరేనా?"

"నాన్నా, ఊరికే మాటలు జారకు," అంది మా ఆవిడ. అప్పటికే జారిపోయింది.

హీటరు చెడిపోయిన రోజున అత్తగారు కారు దిగి, శాలువాలు దులుపుకుని, చాలా నెమ్మదిగా చెప్పారు. "నెలాఖరు ఆదివారం మా చెల్లెలి ఊరెళ్లాలి. నాలుగు గంటల ప్రయాణం. అప్పటికి ఇందులో వెచ్చగా ఉంటే కారెక్కుతాను. లేకపోతే బస్సెక్కుతాను. నేను తిరిగొచ్చేసరికి బోర్డు కింద ఉండాలి."

వినడానికి మొగుడూ పెళ్లాల సరసంలా ఉంది కానీ నాకు నవ్వు రాలేదు. షెడ్డు లేని మామగారు ఎలా ఉంటారో నాకు తెలుసు. అంతకు ముందేడు జ్వరమొచ్చి పది రోజులు ఇంట్లో ఉన్నారు. మూడో రోజుకి ఇంట్లో ఉన్న తలుపుల బందులన్నిటికీ నూనె పోసేశారు. ఐదో రోజున కుట్టుమిషను విప్పారు. ఏడో రోజున విప్పడానికేమీ మిగల్లేదు, వచ్చిన చుట్టంలా కుర్చీ అంచు మీద కూర్చుని గోడ చూస్తూ ఉండిపోయారు. అలాంటి మనిషికి బోర్డు తీసేస్తే ఇంకేం మిగులుతుందో నాకు ఊహకి అందలేదు.

మర్నాడే ఆయన బానెట్ ఎత్తారు. నన్ను పిలిచి, పక్కన నిలబెట్టి, పాఠం చెప్పారు. ఆయన ఉషారు చూస్తే మధ్యాహ్నానికల్లా వెచ్చబడిపోతామనిపించింది.

"ఇంజన్లో కాగిన నీళ్లు ఇదిగో, ఈ పైపులోంచి హీటర్లోకి వెళ్తాయి. ఆ పైపులోంచి వెనక్కొస్తాయి. చెయ్యి పెట్టి చూడ్డమే. రెండూ వేడిగా ఉన్నాయనుకోండి, నీళ్లు చక్కగా తిరుగుతున్నట్టు. అప్పుడు తప్పు గాలి దారిలో ఉంటుంది." ఒక పైపు మీద చెయ్యి వేశారు. రెండో దాని మీద వేశారు. కళ్లు మూసి తెరిచారు. "రెండు పైపులూ వేడిగానే ఉన్నాయి. లోపల గాలిని మళ్లించే చిన్న తలుపుంటుంది, అది బిగుసుకుంది."

ఆ చిన్న తలుపు చూడాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. షెడ్డులో చోటు లేదని దాన్ని తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టారు. తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. మేం దాని వెనక కూర్చుని భోంచేశాం. ఎవరికైనా ఉప్పు కావాలంటే స్పీడోమీటరు మీదుగా అందుకునేవాళ్లం. నాలుగో రోజుకి అత్తగారు దాన్లో కారు కాగితాలు పెట్టుకునే అరలో చెంచాలు సర్దేశారు. ఐదో రోజున భోంచేస్తూ మా ఆవిడ పరధ్యానంగా రేడియో మీట నొక్కబోయింది.

తీరా చూస్తే తలుపు శుభ్రంగా ఆడుతోంది. అయినా మామగారు దాన్ని తిప్పే బుల్లి మోటారు మార్చారు. అన్నీ బిగించాక ఐదు స్క్రూలు మిగిలాయి. "కంపెనీవాళ్లు అతి జాగ్రత్తకి పోయి ఎక్కువ పెట్టుంటారు," అని అవి జేబులో వేసుకున్నారు. నేను కారు స్టార్టు చేసి మర తిప్పాను. చల్లగాలి ఇదివరకటికంటే జోరుగా వచ్చింది.

"మోటారు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అన్నారు మామగారు.

మళ్లీ బానెట్ ఎత్తడం, మళ్లీ చెయ్యి పెట్టడం, మళ్లీ అదే మాట. రెండు పైపులూ వేడిగానే ఉన్నాయి. ఈసారి మర మార్చారు. ఆ తర్వాత మర వెనకున్న తీగ మార్చారు. డాష్‌బోర్డు రెండోసారి భోజనాల బల్లెక్కింది. ఈసారి అత్తగారు దాని కింద గుడ్డ కూడా పరిచారు, ఎలాగూ ఉండిపోయే సామానే కదా అని.

నేనూ ఊరుకోలేదు. ప్రెస్సులో ప్రూఫుల చాటున ఫోను పెట్టుకుని కారు హీటర్ల మీద పదకొండు వీడియోలు చూశాను. పదకొండింటిలోనూ ఎవరో ఒకాయన బానెట్ ఎత్తి, రెండు పైపుల మీదా చెయ్యి వేసి, మా మామగారు చెప్పిందే చెప్పాడు. రెండూ వేడిగా ఉంటే గాలి దారి చూడు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల పూడుకుపోయింది. వరస ప్రకారం చూస్తే ఆయన పద్ధతిలో ఒక్క తప్పు లేదు. తప్పు లేని ప్రూఫు చేతికొస్తే నాకు అనుమానం మొదలవుతుంది. కానీ మామగార్ని అనుమానించేంత గుండె నాకు లేదు.

ఈలోగా ఆయన మాట తగ్గిపోయింది. సందు చివర బేకరీ ఆయన వ్యాను ఆపి, "ఏం నాడి డాక్టరుగారూ, ఇంట్లో రోగి ఎలా ఉన్నాడు?" అని అడిగితే, ఎప్పుడూ నవ్వేసే మనిషి, వినపడనట్టు లోపలికెళ్లిపోయారు. సాయంత్రాలు షెడ్డు తలుపు వేశాక కాసేపు బోర్డు కింద నిలబడి పైకి చూసేవారు. నేను పైగది కిటికీలోంచి చూసి, చూడనట్టు పక్కకి తప్పుకునేవాణ్ని.

నెలాఖరు ఆదివారం ఇంకా మూడు రోజులుంది. గురువారం పొద్దున్న నేను ప్రెస్సుకి బయల్దేరుతుంటే మామగారు పిలిచారు. "ఒక్క పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి, వచ్చి టార్చి పట్టుకోండి."

పది నిమిషాలు ఇంజను తిరిగింది. ఉష్ణోగ్రత ముల్లు సరిగ్గా మధ్యకొచ్చింది. ఆయన బానెట్ కిందకి వంగి ఎడమవైపు పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు.

"ఇది వేడిగానే ఉంది," అన్నారు.

చెయ్యి తీసి కుడివైపు పైపు మీద వేశారు. "ఇదీ వేడిగానే ఉంది."

నాకేం బుద్ధి పుట్టిందో, ఆరేళ్లలో మొదటిసారి, వీడియోలో వాళ్లలా నేనూ చెయ్యి చాపి ఎడమ పైపు ముట్టుకున్నాను. అది మంచులా ఉంది. నా చేతులే గడ్డకట్టి ఉంటాయి, నాకేం తెలుసు అనుకున్నాను. పోల్చుకుందామని, కుడి పైపు మీద, ఆయన చేతికి బెత్తెడు దూరంలో వేళ్లు పెట్టాను. చుర్రుమంది. అమ్మో అని చెయ్యి లాగేసుకున్నాను.

ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"మామయ్యగారూ," అన్నాను, "చెయ్యి తియ్యండి."

ఆయన చేతివంక చూసుకోలేదు. నా మొహం చూశారు. అప్పుడు తీశారు. అరచేతికి అడ్డంగా ఎర్రటి చార తేలింది. నేను టార్చి కింద పెట్టి, కుళాయి దగ్గరికి తీసుకెళ్లి ఆ చేతిమీద నీళ్లు వదిలాను. చిన్నపిల్లాడిలా చెయ్యి నాకు అప్పగించేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చలికే అన్నట్టు తుడుచుకున్నాను.

"ఎప్పట్నించి?" అని అడిగాను.

"వానలప్పుడు మొదలైంది. ముందు వేళ్ల కొసలు. తిమ్మిరి అనుకున్నాను. ఇప్పుడు మణికట్టు దాకా అంతే."

"మరి వేడిగా ఉన్నాయని ఎలా చెప్పారు?"

ఆయన రెండో చేత్తో కుళాయి కట్టేశారు. "పది నిమిషాలు తిరిగాక వేడెక్కాలి కదా బాబూ."

ఆ జవాబు నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నా వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే. కాగితం మీద ఉన్నది కాకుండా, ఉండాల్సింది చదివేస్తాం. బాగా తెలిసినవాళ్లే ఆ తప్పు చేస్తారు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి చేసినన్ని, కొత్తగా చేరినవాడు చెయ్యలేడు. నా చేతిలో ఎర్ర పెన్ను లేనందుకు ఆ క్షణాన సంతోషించాను.

"ఎడమది చల్లగా ఉంది," అన్నాను.

ఆయన తల ఠక్కున లేచింది. "ఎంత చల్లగా? గోరువెచ్చన కూడా లేదా?"

"మంచు."

"ఎడమది వెనక్కొచ్చే పైపు. నీళ్లు లోపలికెళ్తున్నాయి, బయటికి రావట్లేదు. హీటరు లోపల చిన్న రేడియేటరుంటుంది, అందులో మడ్డి పేరుకుపోయింది." నెల రోజులుగా ఊడని తాళం ఆయన అర నిమిషంలో తీసేశారు. ఒక్క క్షణం పాత మామగారు నా ముందు నిలబడ్డారు. మరుక్షణం భుజాలు వాలిపోయాయి. "ఇంట్లో చెప్పకండి."

కామా తేడా వస్తే నిద్రపట్టని మనిషిని, సరేనన్నాను.

శుక్రవారం ప్రెస్సుకి సెలవు పెట్టాను. ఇంజను చల్లారాక రెండు పైపులూ ఊడదీశాం. ఊడదీసింది నేను, ఎలాగో చెప్పింది ఆయన. కుళాయి పైపు తెచ్చి వెనక దారికి తగిలించి నీళ్లు ఎదురు వదలమన్నారు.

"నెమ్మదిగా వదలండి," అన్నారు.

నేను నెమ్మదిగానే వదిలాను. ముందు ఏమీ రాలేదు. ఏమైందా అని వంగి చూశాను. అప్పుడొచ్చింది. పదేళ్ల బురద, తుప్పు, జిగురు, అన్నీ కలిపి కాఫీ రంగు ముద్దలా వచ్చి సరాసరి నా తెల్లచొక్కా మీద పడింది. తలెత్తి చూస్తే వంటింటి కిటికీలో అత్తగారు గిన్నె తుడుస్తున్నారు. నన్ను చూశారు. తుడిచిన గిన్నె మళ్లీ తుడిచారు.

నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పైపులు బిగించి, ఇంజన్ని చల్లబరిచే కొత్త కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపాం. తర్వాత ఇద్దరం కార్లో కూర్చుని తలుపులు వేసుకున్నాం. నేను మర తిప్పాను. వెచ్చటి గాలి వచ్చి మోకాళ్లని తాకింది. మామగారు గాలి వచ్చే రంధ్రం ముందు చేతులు పెట్టి, గుర్తొచ్చినట్టు తీసేసి, చెంప పెట్టారు.

"వచ్చిందండీ," అన్నారు. ఇద్దరం ఇంకో పావుగంట అలాగే కూర్చున్నాం.

ఆదివారం అత్తగారు కారెక్కారు. ఊరు దాటేసరికి మొదటి శాలువా తీశారు. ఇంకో పది మైళ్లకి రెండోది. వేడినీళ్ల సంచీ వెనక్కి విసిరితే మా ఆవిడ పట్టుకుంది. గంట గడిచాక, "అబ్బ, కాస్త కిటికీ దించండి బాబూ, ఉడికిపోతున్నాను," అన్నారు. ఆవిడ అంత సంతోషంగా విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.

"సరే," అన్నారు తర్వాత, ముందు రోడ్డుకేసి చూస్తూనే. "గెలిచారు. బోర్డు ఉండనివ్వండి."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అద్దంలో వెనక సీట్లోని మామగారి మొహం కనపడుతోంది. గెలిచిన మనిషి మొహంలా లేదు.

"నేను కనిపెట్టలేదు," అన్నారాయన. "అల్లుడుగారు కనిపెట్టారు. నాకు చేతులు తెలియట్లేదు. వేడీ చలీ ఏదీ తెలియట్లేదు. నెల రోజులూ ఊరికే వేడిగా ఉందని చెప్పాను. బోర్డు దింపేస్తాను."

మా ఆవిడ ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కట్టు కట్టిన అరచెయ్యి వదిలేసి, ఒక్కో వేలి కొసా నొక్కింది. "ఇది తెలుస్తోందా? ఇది?" ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమెకి ఏడుపొచ్చింది. "ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"నాకు తెలుసు," అన్నారు అత్తగారు.

నేను కారు పక్కకి తీసి ఆపాను. ఇలాంటి మాటలు వింటూ నడపడం నా వల్ల కాదు.

"రెండు నెలల్నించి పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకుండా దించుతున్నారు," అన్నారావిడ. "మసిలే టీ గ్లాసు అలాగే పట్టుకుంటున్నారు. నేను చూడట్లేదనుకున్నారా? చెయ్యి కాలినా తెలియని మనిషి ఇంజన్ల మధ్య తిరుగుతుంటే నాకు వంటింట్లో పని సాగుతుందా? అందుకే మూసేయమన్నాను."

"తెలిస్తే అడగొచ్చు కదా," అన్నారు మామగారు.

"అడిగాను. చేతనవుతోందా అని."

ఆయన చేతికట్టు సర్దుకుంటూ, "అయితే బోర్డు," అని ఆగిపోయారు.

అత్తగారు మొదటిసారి వెనక్కి తిరిగారు. మెడ మీద చెమట తుడుచుకుంటూ ఆయన్ని తేరిపార చూశారు. "తిమ్మిరి చేతులకి కదా, బుర్రకి కాదు కదా? రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఇక చేతులంటారా, ఎవరివో అరువు తెచ్చుకోండి." తల నావైపు తిప్పారు. "ఇంట్లో సరుకుల చీటీలు దిద్దుకుంటూ కూర్చున్నవి రెండున్నాయి."

డాక్టరు రక్తం చూసి చక్కెర జబ్బు అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని కేకలేశాడు. జాగ్రత్తగా ఉంటే పైకి పాకకుండా ఆపొచ్చన్నాడు, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేదు. ఇంటికొచ్చాక మామగారు ఆ రాత్రి భోజనం మానేశారు. మర్నాడు పొద్దున్నే షెడ్డు తీశారు.

మా కొత్త ఏర్పాటు శనివారం మొదలైంది, నాకు ప్రెస్సు లేని రోజు కాబట్టి. ఉప్పూ పప్పూ అడిగినంత మామూలుగా ఆయన నన్ను ఆ పైపు పట్టుకోమనేవారు, ఈ బోల్టు తడమమనేవారు. మొదటి శనివారం ఏదో గట్టెక్కాను. రెండో శనివారం బేకరీ ఆయన వ్యాను వచ్చింది. బ్రేకు వెయ్యకుండానే బండి ఎడమకి లాగుతోందన్నాడు. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ముందు చక్రాలు రెండూ చూడండి. ఏ పక్క బ్రేకు పట్టేస్తే ఆ చక్రం ఎక్కువ వేడెక్కుతుంది. మెల్లిగా, దూరాన్నించి చెయ్యి తీసుకెళ్లండి."

నేను గొంతుక్కూర్చుని ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టాను. లేచి కుడి చక్రం దగ్గర పెట్టాను. మళ్లీ ఎడమకొచ్చాను. బేకరీ ఆయన నన్నే చూస్తున్నాడు. మామగారూ నన్నే చూస్తున్నారు.

"ఎడమది," అన్నాను.

"ఎడమది వేడిగా ఉందా?"

"ఉంది."

"చేతికి తగిలి చెప్పారా, బండి ఎడమకి లాగుతోందని విని చెప్పారా?"

నా చెవులు మాత్రం రెండూ సమానంగా వేడెక్కాయి. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మూసేసి, మళ్లీ తెరిచాను.

"నిజం చెప్పాలంటే నాకు తెలియట్లేదు మామయ్యగారూ."

ఆయన వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడ్డారు. నవ్వుతున్నారు. చలికాలం మొదలయ్యాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఆ మాట అనడానికి నాకు వానాకాలం నించీ పట్టింది," అన్నారు. "మీరు రెండో వారానికే అనేశారు. పనికొస్తారు. ఆ, మళ్లీ పెట్టండి చెయ్యి."